ఆ ఇంట్లో గదులెన్ని, మనుషులెందరు?

పురపాలక అధికారులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక కమిషనర్ గారికి, పట్టణ ప్రణాళిక విభాగం అధికారులకు, గృహనిర్మాణ, జలవనరుల శాఖల ఇంజినీర్లకు, మా వార్డు సచివాలయ కార్యదర్శులకు నమస్కరించి రాయునది.

నేను గోదావరి డెల్టాలోని ఈ పట్టణంలో ఇరవై తొమ్మిదేళ్లు ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి పదవీ విరమణ చేశాను. టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని కాలువ గట్టు మొదలుకొని పాత బజారు సందుల దాకా గడప గడపకూ తిరిగినదాన్ని కావడం వల్ల, మీ దస్త్రాల్లో డోరు నంబర్లుగా కనిపించే ఇళ్లు నాకు లోపలి గదులతో సహా తెలుసు. మనుషులు పట్టనంత ఇరుకైన ఇళ్ల గురించి, నివాసానికి పనికిరాని స్థితికి చేరిన ఇళ్ల గురించి మా వీధుల వాళ్లం గత వానాకాలం నుంచి నాలుగు సోమవారాలు అర్జీలు పెట్టుకున్నాం. మొదటిదాన్ని సంబంధిత శాఖకు పంపామన్నారు. రెండోది ఏ శాఖకు సంబంధించిందో తేలక తిరిగి వచ్చింది. మూడోదానికి రసీదు తప్ప మరేమీ రాలేదు. నాలుగోది పెట్టిన పద్దెనిమిదో రోజున, ఏ ఇంటి గురించి రాశామో ఆ ఇంటి గుమ్మంలోనే నేను నిలబడి మాట్లాడుతుండగా, సమస్య పరిష్కారమైందంటూ నా ఫోనుకు సందేశం వచ్చింది. అప్పటికి ఆ ఇంటి మధ్య గదిలో మంచం మీద పెట్టిన సత్తు గిన్నెలోకి రేకుల సందులోంచి వాన చుక్కలు పడుతూనే ఉన్నాయి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఊరి పేరు, వీధుల పేర్లు, యజమానుల పేర్లు ఇందులో రాయడం లేదు. రాస్తే, మా మీదే ఫిర్యాదు చేస్తారా అని అద్దెకున్నవాళ్లను మర్నాడే సామాను బయట పెట్టమంటారు. ఒకసారి అలా జరిగింది కూడా. మీకు అందజేసిన ప్రతిలో డోరు నంబర్లన్నీ ఉన్నాయి.

పురపాలక సంఘం ఏమీ చేయడం లేదని నేను అనను. వానలకు ముందు మురుగు కాలువల్లో పూడిక తీయించారు, శిథిల భవనాలకు నోటీసులు అంటించారు, ఇళ్ల కోసం దరఖాస్తులు తీసుకున్నారు. అయితే ఇవన్నీ ఊళ్లో కప్పులు ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకుని చేసిన పనులు. ఆ కప్పుల కింద ఎన్ని గదులున్నాయి, ఒక్కో గదిలో ఎందరు పడుకుంటున్నారు అన్న లెక్క మీ ఏ రిజిస్టరులోనూ లేదు. మా బాధంతా అక్కడే మొదలవుతుంది.

ఒక ఇల్లు చూపిస్తాను. రెండు తరాల క్రితం అది ఒకే కుటుంబం ఉన్న మండువా లోగిలి. వారసులు హైదరాబాదులోనూ విదేశాల్లోనూ స్థిరపడ్డారు. అద్దెలు వసూలు చేసే మనిషి మాత్రం నెలనెలా అయిదో తారీఖున తప్పకుండా వస్తాడు. వసారాలకు ఇటుక గోడలు కట్టి, లోపలి గదులకు ప్లైవుడ్ అడ్డాలు పెట్టి ఆ లోగిలిని అయిదు పోర్షన్లు చేశారు. ఆరో పోర్షను కోసం మండువా మీద రేకులు కప్పేశారు. ఇంటికి గాలీ వెలుతురూ రావడానికని మన పెద్దలు వదిలిపెట్టుకున్న ఖాళీ అది. దాన్ని మూసేయడంతో ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా లోపల లైటు వేసుకోవలసిందే. మొత్తం మీద ఇరవై ఏడుగురు మనుషులు, రెండు మరుగుదొడ్లు, ఒక బోరు, ఒక్క కరెంటు మీటరు.

మధ్య పోర్షను పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు ఉన్న ఒకే గది. అందులో అత్తామామలు, కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలు, పెళ్లికాని మరిది కలిపి ఏడుగురు. మరిది రొయ్యల ప్లాంటులో రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఏడింటికి వస్తాడు. అప్పటిదాకా పిల్లలు పడుకున్న చాపనే దులిపి దాని మీద అతను పడుకుంటాడు. గ్యాసు బండ మంచం కింద, పొయ్యి మంచం కోడు పక్కన. రాత్రి తొమ్మిది దాటితే మామగారు తువ్వాలు భుజాన వేసుకుని రామాలయం అరుగు మీదికి వెళ్లిపోతారు; అత్తగారు ఎదురింటి వసారాలో నడుము వాలుస్తారు. ఎందుకని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. వానాకాలంలో ఆ అరుగు తడిసిపోతుంది కాబట్టి ఆయన గదిలోనే గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవారుస్తారు.

కొలతల మాట కూడా చెప్పాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఒకే గది ఉన్న ఇంట్లో ఆ గది 9.5 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 102 చదరపు అడుగులకు తగ్గకూడదు. ఈ గది 90 చదరపు అడుగులు. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో గాలి వచ్చే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలని అదే నియమావళి చెబుతుంది. ఈ గదికి కిటికీ లేదు, తలుపు పైన ఒక వెంటిలేటరు ఉంది, అవతలి పోర్షను వాళ్ల మాటలు వినపడకుండా దానికీ అట్ట అడ్డం పెట్టుకున్నారు. 2011 జనగణనలో గది అంటే ఏమిటో స్పష్టంగా రాసుకున్నారు: గోడలు, కప్పు, తలుపు ఉండి, రెండు మీటర్ల పొడవుకు, ఒకటిన్నర మీటర్ల వెడల్పుకు, రెండు మీటర్ల ఎత్తుకు తగ్గకుండా, మనిషి పడుకోవడానికి వీలైనది. వంటగదిని, స్నానాలగదిని, గోడలు లేని వరండాను గదిగా లెక్కించలేదు. ఇంట్లో పెళ్లయిన జంటలు ఎన్ని అని కూడా ఆ గణనలోనే అడిగి రాసుకున్నారు. కొలబద్ద ఎప్పటినుంచో ప్రభుత్వం చేతిలో ఉంది. మన పట్టణంలో దాన్ని ఎవరూ గోడకు ఆనించి చూడలేదు.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా విన్నవిస్తాను.

1. ఇరుకులో ఉన్నవాళ్లు కాగితాల మీద కనిపించరు. కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం దేశంలోని పట్టణాల్లో ఇళ్ల కొరతను 2012లో 1 కోటి 87.8 లక్షలుగా తేల్చింది. అందులో అసలు నిలువ నీడ లేని కుటుంబాలు 5.3 లక్షలు, ఇల్లుండీ ఇరుకులో ఉంటున్నవి 1 కోటి 49.9 లక్షలు, అంటే నూటికి ఎనభై. ఒక జంట మరో వయోజనుడితో గది పంచుకోవలసి వస్తే దాన్ని ఇరుకుగా ఆ బృందం లెక్కించింది. మన దరఖాస్తు కాగితం మాత్రం ‘మీకు ఇల్లుందా’ అని అడిగి ఊరుకుంటుంది. ముప్పై ఏళ్ల కిందట తండ్రి పేర కాలనీ ఇల్లు మంజూరై ఉంటే, ఆ ఒక్క చిరునామా మీద కాపురముంటున్న ఇద్దరు కొడుకుల కుటుంబాలు కూడా లబ్ధి పొందినవాళ్ల కింద జమ అయిపోతున్నాయి. కరెంటు మీటరు కథ ఇంకో రకం. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం నవశకం పేరిట పెట్టిన అర్హతల్లో రైస్ కార్డు కావాలంటే కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదన్నారు. ఆరు పోర్షన్లకు ఒక్క మీటరున్న ఇంట్లో ఆ మీటరు పొరపాటున ఎవరి ఆధార్‌కు అతుక్కుంటే వాళ్లు రాత్రికి రాత్రే కలిగినవాళ్లయిపోతారు. ఇస్త్రీ పెట్టె మీద బతికే ఒకావిడ, అదీ బొగ్గుల పెట్టె, అలా ఏడు నెలలు కార్డు లేకుండా ఆఫీసుల చుట్టూ తిరిగింది.

2. జబ్బులు గది దాటి పోవు. క్షయ రోగి దగ్గినప్పుడు వెలువడే క్రిములు గాలి ఆడని గదిలో గంటల తరబడి నిలిచి ఉంటాయి. మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో రోగిని వేరుగా, గాలీ వెలుతురూ తగిలే చోట పడుకోబెట్టమని చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఆ మాట చెబుతూ ఆ గదిని ఒకసారి చుట్టూ చూసి నాలుక కరుచుకున్న సందర్భాలు ఎన్నో. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ఇస్తున్నారు. గుడ్లకూ పప్పుకూ ఆ డబ్బు నిజంగా అక్కరకొస్తుంది. కానీ ఆ గుడ్డు తిని రోగి పడుకునేది అదే కిటికీ లేని గదిలో, ఇద్దరు పిల్లల నడుమ. ఇళ్లలో ఇరుకును నివారించడం ఆరోగ్య రక్షణలో భాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన గృహవసతి మార్గదర్శకాల్లో చెప్పింది. గజ్జి సంగతీ అంతే: ఇంట్లో ఏడుగురికీ ఒకే రోజు మందు రాయించినా ప్లైవుడ్ గోడ అవతలి నుంచి పదిహేను రోజుల్లో మళ్లీ వస్తుంది. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి వారానికోసారి డ్రమ్ములు ఖాళీ చేసి బోర్లించి ఆరబెట్టమని శుక్రవారం శుక్రవారం చెప్పి వస్తాం. బోర్లించడానికి అక్కడ ఖాళీ నేల ఏది?

3. ఆడపిల్లల సంగతి క్లుప్తంగానే రాస్తాను, చదివేవాళ్లకు అర్థమవుతుంది. ఇరవై ఏడుగురికి రెండు దొడ్లున్న చోట పదో తరగతి పిల్ల తెల్లవారుజామున నాలుగింటికి లేచి స్నానం ముగించుకుంటుంది. సాయంత్రం అయిదు దాటాక మంచినీళ్లు తాగడం మానేసిన పిల్లలు నాకు తెలుసు.

4. ఈ నాలుగోది నేరుగా పురపాలక సంఘం చేతిలో ఉన్న విషయం కనుక కాస్త వివరంగా రాయవలసి ఉంది. డెల్టా నేల సముద్రమట్టానికి ఎంతో ఎత్తులో లేదు. వానాకాలంలో కొంచెం తవ్వితే చాలు నీళ్లు ఊరతాయి. మురుగు డ్రెయిను నిండిన రోజున సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు దిగువకు లాగవు. ఇలాంటి చోట ప్రతి కొత్త సిమెంటు రోడ్డునూ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే పోస్తున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వీధి ఇళ్లకు రోడ్డు మీద నుంచి మూడు మెట్లు ఎక్కి వెళ్లేదాన్ని. ఇప్పుడు అవే ఇళ్లలోకి రెండు మెట్లు దిగి వెళుతున్నాను. ఇళ్లు కుంగలేదు, రోడ్డు లేచింది. ప్రతి గడప ముందూ రెండు వరసల ఇటుకలు పేర్చి సిమెంటు మెత్తిన చిన్న అడ్డుకట్ట కనిపిస్తుంది. దాన్ని దాటబోయి తుంటి విరగ్గొట్టుకున్న ముసలమ్మ ఇంకా మంచం మీదే ఉంది. గట్టి వాన పడితే రోడ్డు నీళ్లు గుమ్మంలోంచి, సెప్టిక్ ట్యాంకు నీళ్లు దొడ్డి గుంటలోంచి ఒకేసారి లోపలికి వస్తాయి. గోడకు నడుమెత్తు దాకా చెమ్మ ఎక్కి సున్నం పొడిపొడిగా రాలుతుంది. చేతిలో డబ్బున్నవాళ్లు జాకీలు పెట్టి ఇల్లు లేపించుకుంటున్నారు, లేదా పడగొట్టి బుసక తోలి మెరక చేసి కొత్తగా కట్టుకుంటున్నారు. అలా మెరక చేసిన ప్రతి ఇంటి నీళ్లూ పక్కనున్న పల్లపు ఇంటికే చేరతాయి. చివరికి ఆ పల్లపు ఇంటికి నివాసయోగ్యం కాదని కాగితం అంటుకుంటుంది. దాన్ని ఆ స్థితికి తెచ్చింది రోడ్డేనని ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

5. పాత కాలనీ ఇళ్ల స్లాబులు రాలిపోతున్నాయి. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడిన తర్వాత డెల్టా పేదలు తాటాకు కప్పుల నుంచి స్లాబుల కిందికి వచ్చారు. దవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 ఆగస్టు వరదనూ, కోనసీమను అల్లకల్లోలం చేసిన 1996 నవంబరు తుపానునూ చూసినవాళ్లకు ఆ స్లాబు విలువ తెలుసు. ఆ ఇళ్లకు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లు. ఉప్పు గాలికి లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతున్నాయి. పోయిన శ్రావణంలో ఒక ఇంట్లో రుబ్బురోలు ముందు కూర్చుని పప్పు రుబ్బుతున్న కోడలు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచింది. ఆమె లేచిన చోటనే చేటంత పెచ్చు ఊడి పడింది. ఆ ఇంటివాళ్లు ఇప్పుడు స్లాబు కింద ఒక పాత ఫ్లెక్సీని తాళ్లతో కట్టుకున్నారు. దాని మీద ఎవరో నాయకుడికి చెప్పిన జన్మదిన శుభాకాంక్షలు వెల్లకిలా పడుకుంటే ఇప్పటికీ చదువుకోవచ్చు. మరమ్మతుకు సాయం అడిగితే కొత్త ఇంటికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టుకుంటే, మీకు ఇల్లుందిగా అన్నారు.

6. నోటీసులు ఇరుకును తగ్గించడం లేదు, పక్కింటికి పంపుతున్నాయి. కూలబోయే గోడ గురించి హెచ్చరించడం మీ బాధ్యత, దాన్ని నేను తప్పు పట్టను. 1965 పురపాలక సంఘాల చట్టం ప్రమాదకరమైన కట్టడాన్ని బాగు చేయించమనో, తొలగించమనో యజమానిని ఆదేశించే అధికారాన్ని మీకు ఇచ్చింది. మా వీధుల్లో అంటించిన నోటీసుల్లో బాగు చేయించమన్న మాట నాకు కనిపించలేదు; అన్నిటిలోనూ ‘వెంటనే ఖాళీ చేయవలెను’ అనే ఉంది. పాత కాపురాలను పంపేసి స్థలం అమ్ముకోవాలనుకునే యజమానికి అంతకంటే కావలసిందేముంటుంది? రెండేళ్ల కిందట అలా ఖాళీ అయిన ఒక ఇంట్లోని నాలుగు కుటుంబాలు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. రెండు నేను పైన చెప్పిన మండువా ఇంట్లోకి వచ్చాయి. ఒకటి కాలువ గట్టు మీద రేకుల పాక వేసుకుంది. నాలుగోది కోడలి పుట్టింటి వసారాలో ఉంది. మీ దస్త్రంలో పనికిరాని ఇల్లు ఒకటి తగ్గింది, ఊళ్లో ఇరుకిళ్లు మూడు పెరిగాయి.

7. కాలువ గట్టు మీది వాళ్లు ఎవరి మనుషులో తేలదు. 1852లో గోదావరి మీద ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల మీద పడవలు నడిచిన కాలం చాలా ఉంది. గట్టు మీద ఉన్నవాళ్లలో కొందరి తాతలు ధాన్యం బస్తాలు పడవల్లోకి మోసినవాళ్లే. నేల జలవనరుల శాఖది. ఓట్లు, వీధి కుళాయి, చెత్త బండి పట్టణానివి. ఇల్లు అడిగితే పురపాలక సంఘం పట్టా తెమ్మంటుంది, పట్టా అడిగితే ఆ శాఖ గట్టు ఖాళీ చేయమంటుంది. వేసవిలో నీళ్లు ఆపి కాలువలు కట్టేసినప్పుడల్లా పూడికతీత యంత్రం వస్తుందనీ, దానితో పాటు పాకలు పోతాయనీ భయం. గట్టు బలంగా ఉండకపోతే దిగువ పొలాలకే ప్రమాదమని మాకూ తెలుసు. అక్కడ శాశ్వతంగా ఉండనివ్వమని నేను అడగను. 1985లో ముంబయి పేవ్‌మెంట్ వాసుల కేసులో సుప్రీంకోర్టు, తొలగించే అధికారం కార్పొరేషన్‌కు ఉందని ఒప్పుకుంటూనే, వానాకాలం వెళ్లిన నెల దాకా, అంటే ఆ ఏడాది అక్టోబరు 31 వరకు, ఎవరినీ కదపవద్దని చెప్పింది. 2024 నవంబరు 13 నాటి తీర్పులో కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలంది. నదులు, జలాశయాల పక్కనున్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉందన్న సంగతి కూడా దాచను. వర్తించకపోయినా, పదిహేను రోజుల ముందు చెప్పడానికి మీకు అడ్డేమీ లేదు కదా.

8. కొత్త కాలనీల గురించి ఒక్క మాట. 2020 డిసెంబరులో మొదలైన పంపిణీలో పట్టణ పేదలకు ఇచ్చింది సెంటు స్థలం, అంటే 48.4 గజాలు, ఇప్పుడు రెండు సెంట్లు అంటున్నారు, మంచిదే. మా వాళ్లకు చూపించిన చోటు మాత్రం నిన్నటిదాకా వరి పండిన పల్లపు చేను. తెల్లవారుజామున మూడింటికి చేపల మార్కెట్‌కు పోవలసిన మనిషి, అర్ధరాత్రి ప్లాంటు నుంచి వచ్చే మనిషి అక్కడి నుంచి ఏ బండి మీద రావాలి? తాళాలు తీసుకుని కూడా కొందరు మళ్లీ పాత పోర్షన్లకే రావడాన్ని అధికారులు కృతఘ్నత అంటున్నారట. ఆటోకు పోను కూలి ఎంత మిగులుతుందో లెక్క వేస్తే ఆ మాట అనరు.

మురికివాడల అభివృద్ధిని, పట్టణ పేదరిక నిర్మూలనను 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాల పనుల జాబితాలో చేర్చింది. నివాస హక్కు అంటే తల మీద కప్పు ఒక్కటే కాదనీ, చాలినంత చోటు, భద్రమైన కట్టడం, వెలుతురు, శుభ్రమైన గాలి, నీరు, పారిశుద్ధ్యం అందులో భాగాలేననీ సుప్రీంకోర్టు 1995లో చమేలీ సింగ్ కేసులో వివరించింది. కాబట్టి కింది వాటిని దయగా కాక బాధ్యతగా చేపట్టవలసిందని కోరుతున్నాం.

1. తొంభై రోజుల్లో ప్రతి వార్డులో గదుల లెక్క తీయండి. సచివాలయంలోని ప్రణాళిక కార్యదర్శి, ఆరోగ్య కార్యదర్శి కలిసి వెళితే చాలు. గదులు ఎన్ని, వాటి కొలతలు ఏమిటి, రాత్రి పడుకునేవాళ్లు ఎందరు, పెళ్లయిన జంటలు ఎన్ని, కిటికీ ఉందా, దొడ్డి ఎందరికి ఒకటి అన్న ప్రశ్నలు అడగండి. 2021 నుంచి ఆస్తిపన్ను అద్దె విలువ మీద కాక మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం ధర మీద వేస్తున్నందువల్ల అద్దెల ఊసు, పోర్షన్ల సంగతి పన్ను పుస్తకాల నుంచి తెలిసే దారి లేదు. వార్డుల వారీ మొత్తాలను నోటీసు బోర్డు మీద పెట్టండి. ఏ ఇంటి వివరం ఎవరు చెప్పారన్నది మాత్రం యజమానికి తెలియనివ్వకండి.

2. ఆ లెక్కలో తేలిన ప్రతి అదనపు జంటనూ విడి కుటుంబంగా ఇళ్ల జాబితాలో చేర్చండి. తండ్రి పేర పాత ఇల్లుందని కొడుకుల దరఖాస్తులను తోసిపుచ్చే పద్ధతి మానండి. పోర్షన్లకు విడి మీటర్లు ఇప్పించేందుకు విద్యుత్ శాఖతో మీరే మాట్లాడండి.

3. శిథిల భవనం నోటీసుతో పాటు ఇంజినీరు నివేదిక ప్రతి, మరమ్మతుకు గడువు, లోపల ఉంటున్న కుటుంబాల జాబితా, వాళ్లు తాత్కాలికంగా ఉండబోయే చోటు చిరునామా ఉండాలి. యజమాని మరమ్మతు చేయించకపోతే మీరు చేయించి ఆ ఖర్చు అతని దగ్గర రాబట్టండి.

4. పాత పొర తవ్వకుండా ఏ వీధిలోనూ కొత్త సిమెంటు పోయవద్దు. టెండరు కాగితంలోనే రోడ్డు మట్టం రాయించండి, వీధి మొదట ఒక రాయి పాతి ఆ మట్టం గీత గీయించండి. కాంట్రాక్టరు గీత దాటితే అక్కడి ముసలమ్మలే ఆపుతారు.

5. కాలనీ ఇళ్ల స్లాబులను పరీక్ష చేయించండి. డెల్టాలో ఇంజినీరింగ్ కళాశాలలకు కొదవ లేదు, ఆ పిల్లలకు అది మంచి పాఠం. మరమ్మతుతో నిలిచే ఇళ్లకు మరమ్మతు సాయం, నిలవని వాటికి అదే చోట కొత్త ఇల్లు ఇవ్వండి.

6. గట్టు విషయంలో రెండు శాఖలూ ఒకే రోజు కలిసి వచ్చి చూడండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఏ పాకనూ ముట్టుకోవద్దు. కొత్త ఇంటి తాళం చేతికి వచ్చి, అక్కడ నీళ్లు, కరెంటు, బస్సు ఉన్నాయని తేలాకే పాత పాక తీయాలి.

7. అద్దె పోర్షన్ల విషయంలో ఒక జాగ్రత్త కోరుతున్నాం. గదికి ఇందరే ఉండాలని నియమం పెట్టి జరిమానాలు వేయడం మొదలుపెడితే, యజమాని ఎక్కువైన మనుషులను వీధిలోకి తోసి చేతులు దులుపుకుంటాడు. ముందు మండువాల మీది రేకులు తీయించండి, కిటికీలు పెట్టించండి, రెండు కుటుంబాలకు ఒక దొడ్డి చొప్పున కట్టించండి. మండువా కింద ఉంటున్న కుటుంబానికి మొదట చోటు చూపించిన తర్వాతే రేకులు తీయాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

నాలుగు అర్జీల రసీదుల నకళ్లు మీ ప్రతికి జత చేశాను. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, ఆ నాలుగోది ఏ అధికారి ఏ రోజున వచ్చి చూసి పరిష్కారమైందని రాశారో సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం. మీరు స్వయంగా చూడటానికి వస్తే వెంట వచ్చి ఇళ్లు చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రాత్రి పది గంటలకు రండి. పగటిపూట సగం మంది పనుల్లో ఉంటారు, ఇల్లు విశాలంగా కనిపిస్తుంది.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ఆరోగ్య కార్యకర్త,
మా వీధుల వాళ్ల తరఫున